చూసీ చూడని కార్లు: ఒక రైడర్ కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి కారణం రైడర్ చేసిన తప్పులకంటే నేను చేసినవే ఎక్కువ. బైక్ రైడింగ్ నేర్పడం నా పని. కొత్తగా నేర్చుకునేవాళ్లతో పాటు, ప్రమాదం జరిగాక మళ్లీ ధైర్యంగా బండెక్కాలనుకునేవాళ్లూ నా దగ్గరికి వస్తుంటారు. ఈయన రెండో రకం. ఆరు వారాలపాటు నేను ఒక జబ్బుకి ఇంకో జబ్బు మందు వేస్తూ పోయాను. అసలు జబ్బు ఆయన హెల్మెట్ కెమెరా వీడియోల్లో మొదటి రోజు నుంచీ కనిపిస్తూనే ఉంది.

ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వయసు, ఉద్యోగం, బండి మోడల్ చెప్పడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. ‘రైడర్’ అనే పిలుస్తాను.

నేపథ్యం

పదేళ్లకు పైగా రోజూ బండి మీదే ఉద్యోగానికి వెళ్లొచ్చే మనిషి. తాగి నడపడు, హెల్మెట్ లేకుండా గేటు దాటడు, సర్వీసింగ్ ఒక్క వారం కూడా వాయిదా వెయ్యడు. దూకుడు మనిషి అసలే కాదు. ఒక సాయంత్రం పక్క రోడ్డులోంచి ఒక కారు ఉన్నట్టుండి ముందుకొచ్చేసింది. ఆయన వెనక బ్రేక్ బలంగా తొక్కాడు. ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేని బండి కాబట్టి వెనక చక్రం బిగుసుకుపోయి బండి పక్కకి జారింది. కాలర్ బోన్ విరిగింది. కారు నడిపిన వ్యక్తి దిగి, చేతులు వణుకుతుండగా అన్న మాట: “మీరు నాకు కనపడనే లేదండీ.”

ఆ మాట ఆయన బుర్రలోంచి పోలేదు. ఎముక అతుక్కుంది, మళ్లీ బండెక్కాడు, హెల్మెట్‌కి కెమెరా పెట్టించుకున్నాడు. తర్వాత ఎనిమిది నెలల్లో మూడుసార్లు తృటిలో తప్పించుకున్నాడు. మూడోసారి తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

వచ్చినప్పుడు ఎలా ఉన్నాడు

కూర్చోకముందే అన్న మొదటి మాట ఇది: “సార్, నాకు బండి నడపడం వచ్చు. ఆ కార్లవాళ్లకే రాదు.”

ఆ మాటలో అబద్ధం లేదు. అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో దాదాపు 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. బైక్‌తో పాటు ఇంకో వాహనం కూడా ఉన్న ప్రమాదాల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఆ రెండో వాహనం బైక్‌కి దారి ఇవ్వకపోవడం వల్లే జరిగాయని అందులో ఉంది. బైక్‌ని గమనించకపోవడం, లేదా గమనించేసరికే ఆలస్యం కావడం అందులో ప్రధాన కారణం. కాబట్టి తప్పెవరిదన్న విషయంలో నేను ఆయనతో వాదించలేదు. ఫోన్ చూస్తూ కారు నడిపేవాడు నేరమే చేస్తున్నాడు, అందులో రెండో మాట లేదు. కానీ ఆ డ్రైవర్ నా క్లాసుకి రాడు. వచ్చేది రైడర్ ఒక్కడే.

అప్పటికే ఆయన చేసినవి చాలా ఉన్నాయి. మెరిసే పచ్చ జాకెట్ కొన్నాడు. అదనంగా రెండు లైట్లు బిగించాడు. గట్టిగా మోగే సైలెన్సర్ వేయించాడు. జంక్షన్ దగ్గరకొస్తే చాలు, హారన్ మీద బొటనవేలు, డిప్పర్ (హెడ్‌లైట్ మెరిపించే స్విచ్) మీద చూపుడువేలు. ఇవి కాక ఇంకో అలవాటు కూడా పట్టుకుంది. అడ్డొచ్చిన కారుని తర్వాతి సిగ్నల్ దాకా వెంబడించి అద్దం మీద కొట్టడం. “వాడికి తెలియాలి కదా సార్” అనేవాడు. ఇంటికొచ్చేసరికి ముంజేతులు రాయిలా బిగుసుకుపోయేవి. అంత గట్టిగా హ్యాండిల్ పట్టుకునేవాడు. ఇంట్లో భార్య రోజూ ఒకటే మాట: “ఆ బండి అమ్మెయ్యండి, నాకీ టెన్షన్ వద్దు.”

జాకెట్ మానెయ్యమని నేను అనలేదు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ ప్రాంతంలో జరిగిన ఒక అధ్యయనం 2004లో వచ్చింది. ప్రతిఫలించే లేదా మెరిసే రంగు బట్టలు వేసుకున్నవాళ్లలో గాయపడే ప్రమాదం 37 శాతం, నల్ల హెల్మెట్‌తో పోలిస్తే తెల్ల హెల్మెట్ పెట్టుకున్నవాళ్లలో 24 శాతం తక్కువగా ఉన్నట్టు అందులో తేలింది. చిన్న తేడాలేమీ కావు. అయితే జాకెట్ వేసుకున్నాక ‘నా వంతు పని అయిపోయింది, ఇక చూడడం వాళ్ల వంతు’ అనే భావన ఆయనలో స్థిరపడింది. సైలెన్సర్ మాత్రం మొదటి రోజే మార్పించాను. దాని మోత ఎక్కువగా వెనక్కి పోతుంది, ప్రమాదమేమో ముందునుంచి వస్తుంది. అద్దాలు మూసుకుని పాటలు వింటున్న డ్రైవర్‌కి అది వినపడే సమయానికి బైక్ పక్కన ఉంటుంది, లేదా దాటిపోయి ఉంటుంది.

మొదటి ఆరు వారాలు

బ్రేకింగ్‌తో మొదలుపెట్టాను. నా లెక్క అప్పటికి సరిగ్గానే అనిపించింది. ఎముక విరిగిన రోజు ఆయన వెనక బ్రేక్ మాత్రమే తొక్కాడు. హర్ట్ నివేదికలోనూ సరిగ్గా ఇదే ఉంది: ప్రమాదం ఎదురైనప్పుడు చాలామంది రైడర్లు వెనక బ్రేక్ అతిగా వేసి చక్రాన్ని జార్చేశారు, ముందు బ్రేక్ చాలినంత వాడలేదు. కారువాడిని మార్చలేం, కనీసం బండి ఆగే దూరం తగ్గిద్దాం అనుకున్నాను.

ఖాళీ మైదానంలో కోన్‌లు పెట్టి రోజూ అదే పని. ముందు బ్రేక్‌ని ఒక్కసారిగా లాగకుండా నిమ్మరసం పిండినట్టు నొక్కడం, బరువు ముందు టైరు మీదికి దిగాక ఇంకాస్త నొక్కడం. మూడో వారానికల్లా 50 కిలోమీటర్ల వేగం నుంచి 15 మీటర్లలోపు ఆగుతున్నాడు. చూడ్డానికి ముచ్చటగా ఉండేది.

ఆరో వారంలో ఫోన్ చేశాడు. మళ్లీ పక్క రోడ్డులోంచి కారు వచ్చింది, ఈసారి డోరుకి అర మీటరు దూరంలో బండి ఆగింది, జారలేదు, పడలేదు. “మీరు నేర్పింది పనికొచ్చింది సార్” అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ రోజంతా నేను కాస్త గర్వంగానే తిరిగాను.

మర్నాడు వీడియో చూశాక గర్వం దిగింది. కారు ముక్కు పక్క రోడ్డు చివర కనిపించిన క్షణం నుంచి ఆయన బ్రేక్ పట్టేవరకు నాలుగు సెకన్లు ఉంది. ఆ నాలుగు సెకన్లూ థ్రాటిల్ (యాక్సిలరేటర్) తెరిచే ఉంది, ఇంజిన్ శబ్దంలో ఏ మార్పూ లేదు. చివర్లో మాత్రం అద్భుతమైన బ్రేకింగ్. అంటే చెయ్యి మారింది, జంక్షన్ దగ్గరకి వచ్చే తీరు ఇసుమంత కూడా మారలేదు. పైగా వేగం చూస్తే, నా దగ్గరికి రాకముందు వీడియోల్లో 50 దగ్గర ఉండేది ఇప్పుడు 60 అయింది. ‘ఆపగలను’ అన్న నమ్మకం నేనే ఇచ్చాను, దాన్ని ఆయన వేగంలో ఖర్చు పెట్టుకున్నాడు.

ఆ రోజు కాగితం మీద ఒక లెక్క వేసి చూపించాను. ప్రమాదం గుర్తించి బ్రేక్ పట్టడానికి ఒక సెకను అనుకుందాం, పొడి రోడ్డు మీద ఒకే రకంగా బాగా బ్రేక్ వేశాడనుకుందాం. 50లో వస్తే మొత్తం 28 మీటర్లలో బండి ఆగుతుంది. 60లో వస్తే 36 మీటర్లు దాటుతుంది. తేడా ఎనిమిది మీటర్లేగా అనిపిస్తుంది. కానీ 50లో వచ్చిన బండి పూర్తిగా ఆగిన ఆ చోట, 60లో వచ్చిన బండి ఇంకా 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటుంది. ఆయన ఆ అంకెని రెండుసార్లు తనే లెక్కేసుకుని చూశాడు.

తర్వాత చేసిన రెండు పొరపాట్లు

వేగం సంగతి అర్థమైంది కాబట్టి ఇక గమనింపు పెంచాలనుకున్నాను. ఒక జాబితా ఇచ్చాను: పక్క రోడ్లు, పార్కింగ్‌లో ఉన్న కార్ల డోర్లు, ఎదురుగా ఇండికేటర్ వేసిన కార్లు, అద్దాలు, రోడ్డు మీద ఇసుక, పాదచారులు, ఇలా ఇరవై దాకా. ‘అన్నీ గమనిస్తూ ఉండండి’ అన్నాను. పావుగంటలో అలిసిపోయేవాడు. రెండో రోజు అద్దాల్లో వెనక కార్లని లెక్కపెడుతూ తనే రెడ్ సిగ్నల్ దాటేశాడు. తప్పు నాదే. మన కంటిలో స్పష్టంగా చూడగలిగే భాగం చాలా చిన్నది, చెయ్యి చాచి పట్టుకుంటే బొటనవేలి గోరంత. మిగిలినదంతా మసక. చూపుని ఎక్కడ పెట్టాలో చెప్పకుండా అన్నిచోట్లా పెట్టమంటే ఎక్కడా నిలవదు. కారు డ్రైవర్‌కి ఉన్న పరిమితే రైడర్‌కీ ఉందని నేను మర్చిపోయాను.

ఆ జాబితా పక్కన పడేసి, అందరూ చెప్పే సలహా ఒకటి ఇచ్చాను: డ్రైవర్ కళ్లలోకి చూడండి, ఆయన మిమ్మల్ని చూశాడని రూఢి చేసుకున్నాకే వెళ్లండి. వారం తిరక్కుండానే ఒక డ్రైవర్ సూటిగా ఈయన వైపే చూసి, చూసి, కారు ముందుకు తీశాడు. వేగం తక్కువ కాబట్టి ఏమీ కాలేదు. “నన్ను చూశాడు సార్, కళ్లలో కళ్లు పెట్టి చూశాడు!” కోపం కంటే ఆయన గొంతులో మోసపోయినట్టు బాధ ఎక్కువగా ఉంది.

చూపు తగలడం వేరు, మెదడుకి చేరడం వేరు. 1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ చాబ్రిస్ చేసిన ప్రయోగం చాలామంది వినే ఉంటారు. బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమంటే, ఆటగాళ్ల మధ్యలోంచి గొరిల్లా వేషంలో ఒక మనిషి నడిచి వెళ్లినా చూసేవాళ్లలో సుమారు సగం మంది గమనించలేదు. కార్ల కోసం వెతికే డ్రైవర్‌కి కార్లు కనిపిస్తాయి. దానికి తోడు, తల అటూ ఇటూ గబగబా తిప్పినప్పుడు చూపు ఒకచోటు నుంచి ఇంకోచోటికి గెంతుతుంది. ఆ గెంతు మధ్యలో మెదడు దృశ్యాన్ని దాదాపు ఆపేస్తుంది. సన్నటి బైక్ సరిగ్గా ఆ సందులో పడిపోవచ్చు. చూసినా దూరం అంచనా తప్పుతుంది. చిన్నగా కనిపించే వస్తువు ఇంకా దూరంలో ఉందని, రావడానికి టైం ఉందని మనకి అనిపిస్తుంది. ఇవన్నీ డ్రైవర్‌ని వెనకేసుకురావడానికి చెప్పలేదు. కళ్లు కలిశాయన్న భరోసా మీద ప్రాణం పెట్టొద్దని చెప్పడానికి చెప్పాను. ఆ సలహా ఇచ్చింది నేనే కాబట్టి చెప్పడం కొంచెం ఇబ్బందిగానే అనిపించింది.

వీడియో ఆపి చూసిన రోజు

ఇక కొత్తగా ఏదీ నేర్పకుండా నాలుగు సంఘటనల వీడియోలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. కారు అడ్డం వచ్చిన క్షణాన్ని చూడలేదు. దానికి మూడు సెకన్ల ముందు ఆపి, “ఇప్పుడు మీ ముందు ఏముంది?” అని అడిగాను.

మొదటిది: ముందు ఒక డెలివరీ వ్యాన్. పక్క రోడ్డులోకి తిరగడానికి ఇండికేటర్ వేసి నెమ్మదిస్తోంది. ఈయన దాన్ని మధ్య గీత వైపునుంచి దాటుతున్నాడు. పక్క రోడ్డులో ఆగి ఉన్న కారుకి ‘వ్యాన్ లోపలికి తిరుగుతోంది, దారి ఖాళీ’ అనిపించింది.

రెండోది: ముందు ఒక లారీ. ఎదురుగా ఒక కారు ఈయన దారికి అడ్డంగా తిరగడానికి ఆగి ఉంది. లారీ అలా దాటగానే కారు కదిలింది. పైగా ఆ క్షణంలో ఈయన డిప్పర్ కొట్టాడు. ‘వస్తున్నాను, ఆగు’ అని ఈయన ఉద్దేశం. ‘నువ్వు వెళ్లు’ అని ఆ డ్రైవర్‌కి అర్థమైంది. ఆ సైగకి ఒక్కో డ్రైవర్ ఒక్కో అర్థం చెప్పుకుంటాడు, కాబట్టి దాన్ని నమ్ముకోవడం అంత పిచ్చిపని ఇంకోటి లేదు.

ఆరో వారంలో జరిగినది: మళ్లీ వ్యాన్. దానికీ ఈయనకీ మధ్య ఒక సెకను దూరం కూడా లేదు. నేను నాలుగు సెకన్లుగా చూశానన్న ఆ కారు ముక్కు వ్యాన్ వెనక మూల పక్కనుంచి కొద్దిగా కనిపిస్తోంది. ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ జరుపుకుంటూ పోయాం. బంపర్ కనిపిస్తోంది, ఒక హెడ్‌లైట్ కనిపిస్తోంది. డ్రైవర్ మాత్రం కనిపించడు. ప్రతి ఫ్రేమ్‌లోనూ ఆ ముఖం ఉండాల్సిన చోట వ్యాన్ తలుపు తెల్లగా అడ్డంగా ఉంది.

ఆయన కుర్చీలో ముందుకి వంగి స్క్రీన్ మీద వేలు పెట్టాడు. “నాకు వాడి మొహం కనపడట్లేదంటే, వాడికి నేను...” అని ఆగిపోయాడు. కాసేపటికి తనే, “ఆ రోజు, ఎముక విరిగిన రోజు కూడా ముందు ఒక టెంపో ఉంది సార్” అన్నాడు. ఆ రోజుకి వీడియో లేదు, జ్ఞాపకం ఎంత నమ్మాలో నాకు తెలియదు. కానీ చేతిలో ఉన్న నాలుగింట్లో మూడు ఒకే అచ్చులో ఉన్నాయి.

డ్రైవర్లు అజాగ్రత్తగా ఉన్నమాట నిజం. అయితే పచ్చ జాకెట్ వేసుకుని, అదనపు లైట్లు పెట్టుకుని, పెద్ద బండ్ల నీడలో దాక్కుని వెళ్తున్న రైడర్‌ని జాగ్రత్తగా చూసే డ్రైవర్ కూడా చూడలేడు. ట్రాఫిక్‌లో గాలి తగలదనో, దారి దానంతటదే దొరుకుతుందనో పెద్ద వాహనం వెనకే వెళ్లడం ఆయనకి ఏళ్ల అలవాటు. ప్రమాదం తర్వాత అది ఇంకా పెరిగింది. వ్యాన్ వెనక ఉంటే రక్షణగా ఉన్నట్టు అనిపించేదట.

నాలుగోది ఈ అచ్చులో ఇమడదు. సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనకనుంచి ఒక కారు బ్రేకులు కీచుమంటూ వచ్చి నంబర్ ప్లేటుకి తగిలీ తగలకుండా ఆగింది. అద్దంలో చూస్తే డ్రైవర్ గడ్డం ఛాతీకి ఆని ఉంది, ఒళ్లో ఫోన్. దాని సంగతి విడిగా చూశాం.

కారు సీట్లో కూర్చోబెట్టడం

ఈయన ఎప్పుడూ కారు నడపలేదు. నా కారుని మైదానంలో ఆపి డ్రైవింగ్ సీట్లో కూర్చోమన్నాను. ముందు అద్దానికి పక్కన ఉండే స్తంభం, పిల్లర్ అంటాం కదా, దాని వైపునుంచి నా సహాయకుడు బైక్ మీద నెమ్మదిగా వచ్చాడు. తల కదపకుండా చూడమన్నాను. “ఎక్కడ సార్?” అన్నాడు రైడర్. బైక్, మనిషి, హెల్మెట్ అంతా పిల్లర్ వెనక. మూడు లెక్కపెట్టేలోపు ఆ పక్కనుంచి ఊడిపడ్డట్టు బయటికొచ్చింది, అప్పటికి చాలా దగ్గర. తల ఒక జానెడు ముందుకి వంచి చూడమని మళ్లీ చేయించాను. ఈసారి మొదటినుంచీ కనిపించింది. ఆ జానెడు వంగే ఓపిక రోడ్డు మీద ఎంతమంది డ్రైవర్లకి ఉంటుందని ఆయనే నన్ను అడిగాడు.

ఆరు వారాల మైదానం చేయని పని ఈ పది నిమిషాలు చేసింది. ఆయన కోపం పోలేదు గానీ దాని రూపం మారింది. ‘కనపడలేదండీ’ అన్న మాట అంతకుముందు ఆయనకి సాకులా వినిపించేది.

పనిచేసినవి

తర్వాత నేర్పినవి చాలా తక్కువ. పెద్ద వాహనం వెనక ఉంటే కనీసం రెండు మూడు సెకన్ల దూరం, జంక్షన్ దగ్గర దాన్ని దాటడం బంద్. ఆ ఖాళీలోకి ఇంకో కారు దూరుతుందని ఆయన గొడవ. దూరనివ్వండి, మళ్లీ వెనక్కి తగ్గండి అన్నాను. దీనికి అలవాటు పడటానికే నెల పట్టింది.

రెండోది ముఖం పరీక్ష. డ్రైవర్ ముఖం కనిపించకపోతే మనం ఆయనకి కనిపించడం లేదనే అనుకోవాలి. కనిపిస్తే మాత్రం చూశాడని హామీ లేదు. అందుకే ముఖం కనిపించాక కళ్లని వదిలి ముందు చక్రాన్ని చూడమన్నాను. కారు కదలడం మొదలైతే చక్రం పైభాగం కారుకి రెట్టింపు వేగంతో కదులుతుంది కాబట్టి, బంపర్ కంటే ముందు అక్కడే తేడా తెలుస్తుంది. కళ్లు అబద్ధం చెప్పొచ్చు, చక్రం చెప్పలేదు. చక్రం అప్పటికే మన వైపు తిరిగి ఉంటే సగం సంగతి తెలిసిపోయినట్టే.

ఇరవై అంశాల జాబితా స్థానంలో ఒకే ప్రశ్న మిగిలింది: “ఇప్పుడొస్తే?” ఎవరైనా అడ్డం రాగల చోటు కనిపించినప్పుడు మాత్రమే ఆ ప్రశ్న. జవాబు ‘ఆగలేను’ అయితే థ్రాటిల్ వదలాలి, రెండు వేళ్లు ముందు బ్రేక్ మీద ఉండాలి, హారన్ ఆ తర్వాత. ఆఫీసుకి లేటవుతుందన్నాడు. వంద మీటర్లు 60 బదులు 50లో వెళ్తే 1.2 సెకన్లు ఎక్కువ పడుతుంది. దారిలో ఇలాంటి జంక్షన్లు ఇరవై ఉన్నాయనుకున్నా మొత్తం కలిపి అర నిమిషం లోపే. ఈ లెక్క విన్నాక ఆయన నవ్వడం నేను మొదటిసారి చూశాను.

ఎదురుగా ఆగి ఉన్న కారుకి బైక్ తిన్నగా వస్తుంటే ఒక కదలని చుక్కలా ఉంటుంది, చివర్లో ఒక్కసారిగా పెద్దదవుతుంది. అందుకని లేన్ లోపలే మెల్లగా కొంచెం పక్కకి జరగడం ఉపయోగం. దీన్ని ఉప్పులా వాడమన్నాను. పాములా మెలికలు తిరిగితే అదే కొత్త ప్రమాదం.

వెనకనుంచి వచ్చే ఫోన్ డ్రైవర్ల విషయానికి వస్తే, సిగ్నల్ దగ్గర లేన్ మధ్యలో కాకుండా ఒక పక్కగా ఆగడం, మొదటి గేర్‌లోనే ఉండటం, ముందున్న వాహనం పక్కన దూరే చోటు ఉంచుకోవడం. వెనక ఒక కారు పూర్తిగా ఆగేవరకు కళ్లు అద్దంలోనే, వేలు బ్రేక్ లైటుని మిణుకుమనిపిస్తూ. నడుస్తున్నప్పుడైతే ఫోన్‌లో ఉన్నవాడిని పసిగట్టడం అంత కష్టమేం కాదు. లేన్‌లో గీత వైపు జారి మళ్లీ సర్దుకుంటాడు, కారణం లేకుండా వేగం పెరిగి తగ్గుతుంటుంది, గ్రీన్ పడినా కదలడు, రాత్రిపూట ముఖం కిందినుంచి నీలంగా వెలుగుతుంటుంది. అలాంటివాడి పక్కన ఉండకూడదు, దాటిపోవాలి లేదా వెనకబడాలి.

అన్నిటికంటే గట్టిగా నిలబడ్డ సమస్య కోపం. మొదటి వీడియోని సంఘటన దగ్గర ఆపకుండా ఇంకో రెండు నిమిషాలు చూస్తే అసలు భయం అక్కడ ఉంది. ఆ కారుని వెంబడిస్తూ ఈయన రెండు జంక్షన్లు థ్రాటిల్ వదలకుండా దాటాడు, పక్కకి ఒక్కసారి కూడా తల తిప్పలేదు. ఆ రెండు నిమిషాలూ రోడ్డు మీద అందరికంటే అజాగ్రత్త డ్రైవర్ ఆయనే. అది చూపించి నేనేమీ అనలేదు. తర్వాత ఒక నియమం పెట్టుకున్నాం. ఏదైనా జరిగితే తర్వాత వచ్చే మంచి చోట బండి ఆపి, దిగి, గ్లవ్స్ రెండూ తీసి, మళ్లీ వేసుకుని బయల్దేరాలి. గ్లవ్స్ ఎందుకంటే, వణుకుతున్న చేతులతో అవి తొందరగా ఎక్కవు. ఎక్కే వేళకి ఊపిరి కుదుటపడుతుంది. మొదట్లో నామోషీగా ఉందన్నాడు. తర్వాత ఎప్పుడు మానేశాడో, అవసరం పడకే మానేశాడో కాదో చెప్పలేను.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

ఇప్పుడు ప్రమాదం తర్వాత వచ్చేవాళ్లతో మైదానానికి చివర్లో వెళ్తున్నాను. ముందు వీడియో, లేకపోతే కాగితం మీద బొమ్మ. ‘అప్పుడు ముందు ఏ బండి ఉంది?’ అన్నది నేను అడిగే మొదటి ప్రశ్న. బ్రేకింగ్ నేర్పడం మానలేదు, మానకూడదు కూడా. అది లేకపోతే ఆరో వారంలో ఆయన ఆ డోరుకి గుద్దుకునేవాడే. కానీ చూసే తీరు మారకముందే చేతికి నైపుణ్యం ఇస్తే, ధైర్యం ఒక్కటే పెరుగుతుంది. కారు నడపని రైడర్ ఎవరొచ్చినా డ్రైవింగ్ సీట్లో కూర్చోబెట్టడం మాత్రం తప్పనిసరి చేసుకున్నాను.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. చివరి క్లాసు తర్వాత అయిదు నెలలుగా ఆయనకి తృటిలో తప్పినవేవీ లేవు. అయిదు నెలలు చిన్న కాలం, ఒకే మనిషి. అదృష్టం పాలు ఎంతో నేను విడదీయలేను. వానలో, చీకట్లో ఆయనకి ఇప్పటికీ పాత అలవాటు తిరిగొస్తుంది. ముందు వాహనం వెనక ఎర్ర లైట్లు పట్టుకుని దాని వెనకే వెళ్లిపోతాడు. దాని మీద ఇంకా పని చేస్తున్నాం.

పోయిన వారం ఒక వీడియో పంపాడు. థ్రాటిల్ వదిలినప్పుడల్లా చెయిన్ దగ్గర ఏదో టకటకమంటోంది, వినండి అని. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటున్నాను. నలభయ్యో సెకనులో ముందున్న బస్సు దాటగానే పక్క రోడ్డులోంచి ఒక తెల్ల కారు సగం దాకా బయటికొచ్చి ఆగింది. బైక్ అప్పటికే నెమ్మదించి, మధ్య గీత వైపు జరిగి ఉంది. హారన్ లేదు, తిట్టు లేదు. కారు దాటాక థ్రాటిల్ మళ్లీ తెరుచుకుంది. ఫోన్ చేసి ఆ తెల్ల కారు సంగతి అడిగితే, “ఏ తెల్ల కారు సార్? చెయిన్ శబ్దం వినపడిందా లేదా?” అన్నాడు.

చెయిన్ వదులైంది, బిగించుకోమని చెప్పాను.